మోటార్‌హోమ్ వెనక యాక్సిల్ ఏదో కనుక్కుని సర్వీస్ చేసుకోవడం ఎలా

మా 31 అడుగుల క్లాస్ సీ మోటార్‌హోమ్ (వ్యాను చట్రం మీద ఇల్లు కట్టిన బండి) కొన్న మొదటి ఏడాదే ఇది జరిగింది. డాలస్ నుంచి బిగ్ బెండ్ బయల్దేరాం, రెండు ఫ్యామిలీలు, పైన బెర్త్ మీద పిల్లలు, ఫ్రిజ్‌లో పులిహోర డబ్బాలు. అబిలీన్ దాటాక ఒక రెస్ట్ ఏరియాలో ఆపి దిగితే వెనక ఎడమ చక్రం దగ్గర ఒక దరిద్రపు వాసన, కుళ్లిన గుడ్డూ మాడిన వెల్లుల్లీ కలిపినట్టు. వంగి టార్చ్ వేసి చూస్తే లోపలి చక్రం రిమ్ము మీద నల్లటి నూనె చారలు, గొడుగు తిప్పితే నీళ్లు చిమ్మినట్టు మధ్యలోంచి బయటికి. హబ్ ఆయిల్ సీల్, అంటే చక్రం మధ్య భాగంలోంచి నూనె బయటికి రాకుండా ఆపే రింగు, పోయింది.

దగ్గర్లో ఉన్న పార్ట్స్ షాపుకి పోయి సీల్ కావాలి అన్నా. కౌంటర్ మీద ఆయన "ఏ యాక్సిల్?" అన్నాడు, అంటే వెనక చక్రాలని కలిపే ఇరుసు ఏ రకం అని. నేను బండి వెనకాల పెద్ద అక్షరాలతో రాసున్న మోటార్‌హోమ్ కంపెనీ పేరు చెప్పా. ఆయన నవ్వి మళ్ళీ అదే ప్రశ్న అడిగాడు. నాకు తెలీదు. ఆయనే ఏదో ఊహించి ఒక సీల్ ఇచ్చాడు, అది మా హబ్బుకి పట్టలేదు, సరైనది తెప్పించుకునేసరికి రెండు రోజులు మోటెల్‌లో పడున్నాం. అందుకని నేను చెప్పేదల్లా ఒకటే, పానా పట్టుకునే ముందు, ఆయిల్ డబ్బా కొనే ముందు, మీ బండి కింద ఉన్న యాక్సిల్ ఏదో కనుక్కోండి. మిగతా పనంతా దాన్నిబట్టే ఉంటుంది.

ముందు ఏది కాదో తేల్చుకోండి

మోటార్‌హోమ్ అంటే రెండు కంపెనీల బండి. ఇల్లు కట్టింది ఒకరు, కింద చట్రం ఇంజిను యాక్సిల్ ఇచ్చింది ఇంకొకరు. గోడ మీద పేరు ఇల్లు కట్టినవాడిది, దాంతో మీకు సోఫా కవర్లు దొరుకుతాయేమో గానీ బేరింగులు దొరకవు. అమెరికాలో క్లాస్ సీ అయితే ఎక్కువగా ఫోర్డ్ ఈ 350, ఈ 450, లేదా చెవీ 3500, 4500. పెట్రోల్ క్లాస్ ఏ (బస్సులా ముందు చదునుగా ఉండేది) అయితే ఫోర్డ్ ఎఫ్ 53, పాతవైతే చెవీ పీ30. ఇంజిను వెనకుండే పెద్ద డీజిల్ బస్సులాంటివైతే ఫ్రైట్‌లైనర్ లాంటి చట్రాలు, వాటికి మెరిటార్ యాక్సిల్ లాంటి లారీ సరుకు ఉంటుంది, ఎయిర్ బ్రేకులు ఉంటాయి. ఆ ఎయిర్ బ్రేకుల చాంబర్లో పెద్ద స్ప్రింగు నొక్కి పెట్టి ఉంటుంది, తెలీకుండా విప్పితే ప్రాణం తీస్తుంది, వాటి జోలికి ఈ గైడ్ పట్టుకుని పోకండి.

కొన్నిటికి వెనక అసలు డిఫరెన్షియలే (ఇంజిను తిప్పుడుని రెండు వైపుల చక్రాలకీ పంచే గేర్ల పెట్టె) ఉండదు. 1973 నుంచి 1978 దాకా వచ్చిన జీఎంసీ మోటార్‌హోమ్ ముందు చక్రాల డ్రైవు. ఇప్పటి రామ్ ప్రోమాస్టర్, యూరప్‌లో అయితే ఫియట్ డుకాటో మీద కట్టినవి కూడా అంతే. ఇంగ్లండులో ఉండే మనవాళ్ళు ఎవరైనా డుకాటో మీద ఆల్కో కంపెనీ చట్రం ఉన్న క్యాంపర్ కొని ఉంటే మీకు మార్చాల్సిన గేర్ ఆయిల్ లేదు, కానీ టార్షన్ బార్ ఉన్న ఆల్కో వెనక యాక్సిల్ ట్యూబుకి గ్రీజు నిపుల్స్ ఉంటాయి, వాటికి ఏడాదికోసారి లేదా 20,000 కిలోమీటర్లకోసారి చక్రాలు గాల్లో వేలాడుతున్నప్పుడు గ్రీజు కొట్టాలి. చాలామంది ఆ నిపుల్స్ ఉన్నాయనే చూసి ఉండరు. మీ పని అంతే, మిగతాది చదవక్కర్లేదు.

ఇంకో రకం, పాత టయోటా బుజ్జి మోటార్‌హోములు, డెబ్బైల చివర్నుంచి తొంభైల మొదలుదాకా వచ్చినవి. ఎవరైనా చౌకగా అమ్ముతుంటే మొదట వెనక చక్రానికి ఎన్ని బోల్టులున్నాయో లెక్కపెట్టండి. వెనక రెండేసి చక్రాలుండి ఒక్కోదానికి 5 బోల్టులే ఉంటే అది మామూలు పికప్ యాక్సిల్‌కి అడాప్టర్ తగిలించి జంట చక్రాలు వేసిన బాపతు, ఇరుసులు విరిగి చక్రాలు ఊడిపోయిన రకం, దాని మీద రీకాల్ కూడా వచ్చింది. 6 బోల్టులుంటే అది బరువు మోసే ఫుల్ ఫ్లోటింగ్ యాక్సిల్, పర్లేదు.

ఫుల్ ఫ్లోటింగ్ అంటే ఏంటో ఇక్కడే చెప్పేస్తా. సెమీ ఫ్లోటింగ్‌లో లోపలి షాఫ్టే చక్రాన్ని తిప్పుతుంది, అదే బండి బరువూ మోస్తుంది, అది విరిగితే చక్రం ఊడుతుంది. ఫుల్ ఫ్లోటింగ్‌లో బరువంతా హబ్బు మీద, హబ్బులో ఉన్న రెండు బేరింగుల మీద, షాఫ్టు పని తిప్పడం ఒక్కటే. చూసి గుర్తుపట్టడం ఈజీ, చక్రం మధ్యలోంచి కుండ మూతి లాగా హబ్బు బయటికి పొడుచుకొచ్చి దాని మీద గుండ్రంగా చిన్న బోల్టుల వరుస ఉంటే అది ఫుల్ ఫ్లోటింగ్. మన దగ్గర లారీల వెనక చక్రాలు చూశారుగా, అదే.

ఇప్పుడు ఏదో కనుక్కోవడం

డ్రైవర్ డోర్ తెరిచి పక్క స్తంభం మీద స్టిక్కర్ చూడండి. రెండు స్టిక్కర్లు ఉండొచ్చు, ఒకటి చట్రం కంపెనీది ఒకటి ఇల్లు కట్టినవాడిది. చట్రం వాడి దాంట్లో యాక్సిల్ అని ఒక గడి, కింద రెండక్షరాల కోడ్ ఉంటుంది, దాన్ని ఫోటో తీస్కోండి. అలాగే వెనక జీఏడబ్ల్యూఆర్ అని ఒక బరువు ఉంటుంది, అంటే ఆ ఒక్క యాక్సిల్ మీద పడగలిగే గరిష్ట బరువు. మా ఈ 450 మీద 9,450 పౌండ్లు అని ఉంది, కొత్త వాటి మీద 9,600 ఉంటుంది. పాత ఫోర్డుల్లో విన్ నంబరు (బండి గుర్తింపు సంఖ్య) అయిదో అక్షరం నుంచి ఈ35 అనో ఈ45 అనో కనిపిస్తుంది, అదొక్కటి తెలిసినా సగం పని అయినట్టే. ఫోర్డ్ డీలర్ పార్ట్స్ కౌంటర్‌లో ఆ విన్ చెప్తే బండి ఫ్యాక్టరీలోంచి ఏ యాక్సిల్‌తో వచ్చిందో తీసి చెప్తారు, ఊరికే.

కానీ కాగితం ఒక్కదాన్నీ నమ్మొద్దు, ఇరవై ఏళ్ళ బండి కింద ఎవడేం మార్చాడో ఎవడికి తెలుసు. కిందకి దూరండి. వెనక నుంచి చూస్తే మధ్యలో ఉబ్బెత్తుగా ఉండేదే డిఫరెన్షియల్ హౌసింగ్, అమెరికా మెకానిక్కులు దాన్ని గుమ్మడికాయ అనే అంటారు. దాని వెనక మూతకి ఎన్ని బోల్టులున్నాయో లెక్కపెట్టండి.

10 బోల్టులు, మూత ఆరు మూలలుగా ఉంటే డానా. 60, 70, 80 మూడింటికీ పదే కాబట్టి లెక్క ఒక్కటే సరిపోదు, సైజు చూడాలి. లోపలి క్రౌన్ (పెద్ద పళ్ళ చక్రం) వ్యాసం 60 కి 9.75 అంగుళాలు, 70 కి 10.5, 80 కి 11.25. చాలావాటికి హౌసింగ్ పక్కటెముకల మీద 60 అనో 70 అనో 80 అనో ఉబ్బెత్తు అంకెలు పోతపోసి ఉంటాయి, మట్టీ గ్రీజూ వైర్ బ్రష్‌తో గీకితే గానీ కనబడవు. నాకు ఆ 8 కనపడటానికి పావుగంట పట్టింది, అదేదో గుప్తనిధి దొరికినట్టు మా ఆవిడకి ఫోటో పంపించా. ఈ 450 కింద సాధారణంగా డానా 80 ఉంటుంది. ఇంకా పక్క ట్యూబు మీద బిల్ ఆఫ్ మెటీరియల్ నంబరు కొట్టి ఉంటుంది, అది దొరికితే ఇక సందేహమే లేదు, సీల్ నుంచి బేరింగ్ దాకా ఆ నంబరు మీదే తెప్పించుకోవచ్చు.

12 బోల్టులుంటే ఫోర్డ్ వాళ్ళ సొంతం, స్టెర్లింగ్ 10.25 లేదా 10.5. 14 ఉండి చెవీ అయితే జీఎం 10.5 అంగుళాల యాక్సిల్ అయ్యుంటుంది, దానికి ఇంకో గుర్తు ఏంటంటే ముందు వైపు పినియన్ (క్రౌన్‌ని తిప్పే చిన్న గేరు) ఉండే ముక్కు భాగం హౌసింగ్‌కి విడిగా బోల్టులతో బిగించి ఉంటుంది, డానాకి అదంతా ఒకే పోత.

ఇదంతా ఎందుకంటే, ఉదాహరణకి పినియన్ సీల్ కారుతోంది అనుకోండి. డానా 60, 70, 80 ల్లో పినియన్ బేరింగు బిగువు షిమ్ములతో (పల్చటి రేకు వాషర్లతో) సెట్ చేసి ఉంటుంది, నట్టు విప్పి సీల్ మార్చి మళ్ళీ చెప్పిన టార్క్‌కి బిగించేయొచ్చు. అదే స్టెర్లింగ్‌లో, జీఎం 14 బోల్టు దాంట్లో నలిగే స్లీవ్ ఉంటుంది, నట్టు ఎక్కువ బిగిస్తే అది ఇంకా నలిగి బేరింగు బిర్రబిగుసుకుపోయి కాలిపోతుంది. బయట్నుంచి చూస్తే ఒకేలా ఉన్న పని, లోపల మాత్రం వేరు.

రేషియో

రేషియో అంటే చక్రం ఒక్కసారి తిరగడానికి షాఫ్టు ఎన్నిసార్లు తిరగాలో ఆ లెక్క. మూత మీద ఏదో ఒక బోల్టు కింద చిన్న రేకు ముక్క తగిలించి ఉండొచ్చు, 4.10, 4.56 అని ఉంటుంది. తుప్పు పట్టి ఊడిపోయి ఉంటే, ఎలాగూ ఆయిల్ మార్చడానికి మూత తీస్తారు కదా, క్రౌన్ అంచు మీద 41 9 లాగా రెండు అంకెలు కొట్టి ఉంటాయి, మొదటిది క్రౌన్ పళ్ళు, రెండోది పినియన్ పళ్ళు, 41 ని 9 తో భాగిస్తే 4.56. (క్రౌన్ అని నేను విజయవాడ ఆటోనగర్ భాషలో అంటున్నా, ఇక్కడ రింగ్ గేర్ అనకపోతే కౌంటర్‌లో వాడికి అర్థం కాదు.) బండి లేపి చక్రం తిప్పుతూ షాఫ్ట్ రౌండ్లు లెక్కపెట్టే పద్ధతి ఒకటుంది గానీ, దానికి న్యూట్రల్‌లో పెట్టి పార్కింగ్ బ్రేకు వదిలెయ్యాలి, ఏడు టన్నుల బండితో ఆ సాహసం నాకు ఇష్టం లేదు.

జాకీ పెట్టే ముందు ఇది చదవండి

ఇది అన్నిటికన్నా ముఖ్యం, మెల్లగా చదవండి. చాలా మోటార్‌హోమ్ చట్రాల్లో పార్కింగ్ బ్రేకు చక్రాల దగ్గర ఉండదు, గేర్‌బాక్స్ వెనక షాఫ్టు మీద ఒక డ్రమ్ము ఉంటుంది, మా దానికీ అంతే, పాత పీ30, ఎఫ్ 53 లకీ అంతే. గేర్‌ని పార్క్‌లో పెట్టినా ఆపేది ఆ షాఫ్టునే. మీరు వెనక ఒక్క వైపు జాకీతో లేపారు అనుకోండి, గాల్లో ఉన్న చక్రం స్వేచ్ఛగా తిరుగుతుంది, డిఫరెన్షియల్ పనే అది కదా, షాఫ్టు ఆగి ఉన్నా ఒక చక్రం ముందుకి ఇంకోటి వెనక్కి తిరగగలవు. అంటే నేల మీద ఉన్న చక్రానికి ఇక బ్రేకు లేనట్టే! పార్కింగ్ బ్రేకు వేశాను, పార్క్‌లో ఉంది, ఇంకేం అని నమ్మి కిందకి దూరితే బండి జాకీ మీంచి జారుతుంది. అందుకని చదునైన కాంక్రీటు మీద మాత్రమే, ముందు రెండు చక్రాలకీ ముందూ వెనకా గట్టి చెక్కలు అడ్డం పెట్టి, నేల మీద ఉండే వెనక చక్రాలకి కూడా పెట్టి, ఆ తర్వాతే లేపండి.

జాకీ యాక్సిల్ ట్యూబు కింద స్ప్రింగు కట్టకి దగ్గరగా పెట్టండి, గుమ్మడికాయ కింద వద్దు, మూత నొక్కుకుపోతుంది. లేపాక 6 టన్నుల స్టాండ్లు పెట్టి వాటి మీదకి దింపండి. బండికి లెవలింగ్ జాక్స్ ఉన్నాయి కదా వాటితో లేపేద్దాం అనుకోకండి, అవి లోపల కూర్చుని టీ తాగేటప్పుడు కప్పు ఒరగకుండా ఉండటానికి, కింద మనిషి పడుకోడానికి కాదు.

అసలు ఆయిల్ చూడటానికి, మార్చడానికి బండి లేపక్కర్లేదు. క్లాస్ సీ కింద మనిషి దూరేంత జాగా ఉంటుంది, పైగా వెనక మాత్రమే లేపితే లెవల్ తప్పుగా చూపిస్తుంది. చక్రం విప్పే పని ఉంటేనే జాకీ.

ఆయిల్ మార్చడం

పావుగంట, ఇరవై నిమిషాలు నడిపి రండి, ఆయిల్ వెచ్చగా ఉంటే మడ్డితో సహా దిగుతుంది. మొదట చెయ్యాల్సింది ఆయిల్ పోసే ప్లగ్గు విప్పడం, పాత ఆయిల్ తీయడం కాదు. ప్లగ్గు తుప్పుతో బిగుసుకుపోయి రాకపోతే ఇప్పుడే తెలియాలి, ఉన్న ఆయిల్ అంతా కింద పారబోశాక కాదు. ప్లగ్గుకి నలుపలకల గుంట ఉంటే చాలావాటికి 3/8 రాట్చెట్ నేరుగా పడుతుంది. రాకపోతే తుప్పు వదిలే ఆయిల్ కొట్టి రాత్రంతా ఉంచండి.

ప్లగ్గు తీశాక చిటికెన వేలు పెట్టి చూడండి, ఆయిల్ రంధ్రం కింది అంచు దగ్గరే తగలాలి. వేలికి అంటిన దాన్ని వెలుగులో చూడండి. తేనె రంగు నుంచి నలుపు దాకా ఏదైనా పర్లేదు. పాలు కలిపిన కాఫీలా ఉంటే నీళ్ళు దిగాయి, వరద నీళ్ళలో నడిపారా, బోట్ ర్యాంప్ మీద వెనక్కి దింపారా గుర్తు తెచ్చుకోండి, అలా మునిగితే మైళ్ళతో సంబంధం లేకుండా వెంటనే మార్చాలి. మాడిన వాసన వేస్తే వేడెక్కింది. గేర్ ఆయిల్‌కి మామూలుగానే గంధకం కంపు ఉంటుంది, అది వేరు, మాడిన కంపు వేరు, ఒకసారి కొత్త డబ్బా మూత తీసి వాసన చూస్తే తేడా తెలుస్తుంది.

మా దానికి డ్రెయిన్ ప్లగ్గే లేదు, మూత తీయాల్సిందే. పెద్ద ట్రే కింద పెట్టి, కింది బోల్టులు అన్నీ తీసేసి పై రెండు మాత్రం నాలుగు మరల మీద ఉంచండి, లేకపోతే మూత ఊడి మొహం మీద పడుతుంది. పల్చటి చాకు పట్టీ లాంటిది పెట్టి కింద అంచు మెల్లగా విడదీస్తే ఆయిల్ ఒక్కసారిగా దూకుతుంది. పాత బట్టలు వేసుకోండి, ఈ కంపు రెండు ఉతుకుల్లో పోదు, ఇంట్లో వాషింగ్ మెషీన్‌లో వేసి నేను పడ్డ తిట్లు మీరు పడొద్దు.

లోపల అయస్కాంతం ఉంటే దాని మీద కాటుకలాంటి బూడిద రంగు ముద్ద కనిపిస్తుంది, అది మామూలే, భయపడకండి. చేతికి గుచ్చుకునే ముక్కలు, చెక్కులు, పన్ను విరిగిన పెచ్చు కనబడితే అక్కడితో ఆపేసి మంచి షాపుకి తీసుకెళ్ళండి, కొత్త ఆయిల్ పోసి ప్రయోజనం లేదు. టార్చితో క్రౌన్ పళ్ళు కనబడినంత మేర చూడండి, పన్ను మధ్యలో నునుపుగా మెరుపు ఉంటే మంచిది, అంచున మాత్రమే నలిగి ఉన్నా, నీలం రంగుకి తిరిగి ఉన్నా మంచిది కాదు. 

మూత అంచూ హౌసింగ్ అంచూ పాత సిలికాన్ మొత్తం గీకి బ్రేక్ క్లీనర్‌తో ఆరిపోయేదాకా తుడవండి. ఇక్కడ తొందర పడ్డవాళ్ళే రెండోసారి చేస్తారు. గేర్ ఆయిల్ తట్టుకునే సిలికాన్‌ని బోల్టు రంధ్రాలకి లోపలి వైపుగా ఒకే గీతలా, ఎక్కడా తెగకుండా వేసి, కాసేపు ఆగి మూత పెట్టి బోల్టులు ఎదురెదురుగా బిగించండి, డానాకి 35 ఫుట్ పౌండ్ల చుట్టుపక్కల. ట్యూబు మీద రాసినంత సేపు ఆరనివ్వండి, నేనైతే భోంచేసి ఒక కునుకు తీసి వస్తా.

ఏ ఆయిల్ అంటే మాన్యువల్ చెప్పిందే. బరువు లాగే ఫోర్డ్ డానా వాటికి ఎక్కువగా 75 డబ్ల్యూ 140 సింథటిక్ అడుగుతుంది. అంత చిక్కటిది డబ్బాలోంచి చేతి పంపుతో ఎక్కించాలంటే చలికాలంలో నరకం, డబ్బాలు ఎండలో పెట్టండి. అయిదు క్వార్టులు తెచ్చుకుని మిగిలింది తిరిగి ఇచ్చేయండి. లిమిటెడ్ స్లిప్ (ఒక చక్రం ఊరికే జారి తిరగకుండా పట్టి ఉంచే ఏర్పాటు) ఉన్న యాక్సిల్ అయితే ఆయిల్‌లో కలిపే ఫ్రిక్షన్ మాడిఫయర్ కూడా కావాలి, లేకపోతే పార్కింగ్ లాట్లో మలుపు తిరిగేటప్పుడు వెనక టకటకమని కొట్టుకుంటుంది. ప్లగ్గు రంధ్రం అంచుకి వచ్చేదాకా పోసి ఆపండి, మాన్యువల్ దానికన్నా కొంచెం కిందే ఆపమంటే అలాగే ఆపండి. ఎక్కువ పోస్తే మంచిదేగా అనుకోకండి, పొంగి సీళ్ళ మీద పడుతుంది. వాడేసిన ఆయిల్‌ని అదే డబ్బాల్లో పోసి ఆటోజోన్ లాంటి షాపులో ఇస్తే తీసుకుంటారు.

ఎవరూ చూడని చిన్న గొట్టం

యాక్సిల్ ట్యూబు పైన ఒక బుల్లి మూతో, రబ్బరు గొట్టమో ఉంటుంది, బ్రీదర్. యాక్సిల్ వేడెక్కితే లోపలి గాలి వ్యాకోచించి దాన్లోంచి బయటికి పోవాలి. మట్టితో మూసుకుపోతే ఆ గాలికి దారి లేక సీళ్ళని తోసుకుని ఆయిల్‌తో సహా బయటికి వస్తుంది. మా అబిలీన్ కథకి అసలు కారణం ఇదే. ఆ ట్రిప్పుకి నెల ముందే ఒక షాపులో డబ్బిచ్చి వెనక ఆయిల్ మార్పించా, వాళ్ళు ఆయిల్ ఎక్కువ పోశారు, బ్రీదర్ వైపు చూడలేదు, ఐ20 హైవే మీద నాలుగు గంటల ఎండలో అది పొంగింది. విప్పి ఊదితే రెండు నిమిషాల పని. గాలి ఆడకపోతే కొత్తది కొనండి, రెండు కాఫీల ఖరీదు కూడా ఉండదు.

హబ్ సీలు, బేరింగు

కారుతోందా లేదా తెలియాలంటే లోపలి చక్రం రిమ్ము, బ్రేకు వెనక భాగం టార్చి వేసి చూడండి. ఆయిల్ బ్రేక్ ప్యాడ్లకి అంటితే ప్యాడ్లు మార్చాల్సిందే, కడిగితే పోదు. బేరింగు చూడాలంటే చక్రం లేపి పైనా కిందా పట్టుకుని ఊపండి, టకమని కదిలినా, తిప్పుతుంటే గరగరలాడినా విప్పాల్సిందే.

విప్పే వరస టూకీగా చెప్తా. రెండు చక్రాలూ తీసి, బ్రేకు కాలిపర్ తీసి తీగతో వేలాడదీసి (గొట్టం మీద వేలాడనివ్వొద్దు), హబ్బు మీద ఉన్న బోల్టుల వరస విప్పి షాఫ్టు బయటికి లాగాలి, కొంచెం ఆయిల్ వస్తుంది, ట్రే ఉంచండి. లోపల పెద్ద నట్టు ఉంటుంది, దానికి ప్రత్యేక సాకెట్ కావాలి, సుత్తీ ఉలీ పెట్టి కొట్టేవాళ్ళని చూశా, దయచేసి వద్దు. కొన్నిటికి ఎడమ వైపు నట్టు ఎడమ మర, నట్టు మీద గుర్తు చూసుకోండి. హబ్బు బరువుంటుంది, రెండో మనిషి కావాలి. బేరింగు గిన్నెల్లో గుంటలు, నీలం మచ్చలు ఉంటే బేరింగూ గిన్నే కలిపే మార్చాలి. సీలు రాసుకునే చోట స్పిండిల్ (హబ్బు తిరిగే ఇరుసు మొన) మీద గోరు తగిలే గాడి పడి ఉంటే కొత్త సీల్ కూడా వారంలో కారుతుంది. కొత్త సీల్‌ని సైజుకి సరిపోయే డ్రైవర్‌తో నిదానంగా సమంగా దింపండి. నట్టు ఎంత బిగించి ఎంత వెనక్కి వదలాలి అనేది ఒక్కో యాక్సిల్‌కి ఒక్కో లెక్క, ఇక్కడ ఒక అంకె చెప్తే అది మీ యాక్సిల్‌ది కాకపోవచ్చు, ఆ నంబరు పట్టుకుని మాన్యువల్ తీయండి. ఈ భాగం మొదటిసారి ఒంటరిగా చెయ్యకండి, చేసినవాడు పక్కనుంటే ఒక మధ్యాహ్నంలో అయిపోతుంది, లేకపోతే వారాంతం.

చాలామంది మర్చిపోయేది దీని తర్వాత స్టెప్పు. ఈ హబ్బుల్లో బేరింగులకి గ్రీజు కాదు, మధ్యలోని గేర్ ఆయిలే ట్యూబు వెంట పారి వస్తుంది. విప్పి ఆరబెట్టిన హబ్బు ఇప్పుడు ఖాళీగా ఉంది. కాబట్టి ఆయిల్ నింపాక యాక్సిల్ ఒక వైపు 6 అంగుళాలు లేపి ఒక నిమిషం ఉంచండి, రెండో హబ్బులోకి ఆయిల్ పారుతుంది, తర్వాత అటు దింపి ఇటు లేపండి. మళ్ళీ సమంగా దింపి లెవల్ చూస్తే తగ్గి ఉంటుంది, ఆ తేడా నింపండి. ఇది చెయ్యకపోతే కొత్త బేరింగు మొదటి కొన్ని మైళ్ళు పొడిగా తిరుగుతుంది.

చప్పుడు యాక్సిల్‌దేనా

యాక్సిల్ విప్పే ముందు చెవి పెట్టండి. యాక్సిలరేటర్ తొక్కినప్పుడు ఒకలా, వదిలినప్పుడు ఇంకోలా ఊళ పెడితే క్రౌన్ పినియన్. తొక్కినా వదిలినా ఒకే గుర్రుమనే శబ్దం, స్పీడుతో పెరుగుతూ, లేన్ మారేటప్పుడు కొంచెం మారితే హబ్బు బేరింగు. డ్రైవ్ నుంచి రివర్స్‌కి వేస్తే ఠంగుమంటే షాఫ్టు జాయింటు. మోటార్‌హోముల్లో చట్రాన్ని సాగదీస్తారు కాబట్టి షాఫ్టు రెండు మూడు ముక్కలుగా ఉంటుంది, మధ్యలో రబ్బరులో వేలాడే బేరింగులు ఉంటాయి. ఆ రబ్బరు చిరిగి వచ్చే వణుకుని చూసి డిఫరెన్షియల్ పోయిందని మెకానిక్ చెప్తే, ముందు కింద దూరి ఆ రబ్బరు ఊపి చూడండి. జాయింట్లకి గ్రీజు నిపుల్ ఉంటే ప్రతి ఆయిల్ మార్పుకీ కొట్టండి.

ఇంకోటి, వెనక ఒక వైపు కొత్త టైర్లూ ఇంకో వైపు అరిగినవీ వేయకండి. కుడి ఎడమల చుట్టుకొలత తేడా ఉంటే నేరుగా పోతున్నా డిఫరెన్షియల్ లోపలి బుల్లి గేర్లు ఆగకుండా తిరుగుతూనే ఉంటాయి, అవి మలుపుల కోసం పెట్టినవి, హైవే కోసం కాదు.

బరువు కూడా తూచుకోండి. హైవే పక్క ట్రక్ స్టాపుల్లో క్యాట్ స్కేల్ అని లారీలు తూచే కాటా ఉంటుంది, నీళ్ళ ట్యాంకు నింపి, సామాను ఎక్కించి, మనుషులందరూ కూర్చున్నాక వెళ్ళండి, వెనక యాక్సిల్ బరువు విడిగా చెప్తుంది. క్లాస్ సీ బళ్ళకి వెనక చక్రాల తర్వాత చాలా పొడుగు ఉంటుంది, అక్కడ డిక్కీలో పెట్టిన ప్రతి పౌండూ యాక్సిల్ మీద పౌండు కన్నా ఎక్కువే పడుతుంది. మేం వెళ్తే స్టిక్కర్ మీద అంకె కన్నా 300 పౌండ్లు ఎక్కువొచ్చింది, బియ్యం బస్తా, ప్రొపేన్ పొయ్యి, గ్రైండరు అన్నీ ముందు సీట్ల వెనక్కి మార్చాం. గ్రైండర్ ఎందుకు తెచ్చావని మాత్రం ఎవరం అడగలేదు.

నడిపి చూడటం

చక్రాలు ఎక్కించి నట్లు ఎదురెదురు వరసలో టార్క్ రెంచ్‌తో బిగించండి, మా ఈ 450 కి 140 ఫుట్ పౌండ్లు. ఇరవై మైళ్ళు నడిపి, గట్టిగా బ్రేకు కొట్టకుండా మెల్లగా ఆపి దిగి రెండు వెనక హబ్బుల మీద ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ పెట్టండి, కుడీ ఎడమా దాదాపు ఒకేలా ఉండాలి. ఒకటి బాగా ఎక్కువ వేడిగా ఉంటే బేరింగు ఎక్కువ బిగించారు లేదా బ్రేకు పట్టేస్తోంది, నడపకుండా ఆపి చూడండి. మూత చుట్టూ, పినియన్ దగ్గర ఒక తెల్ల పేపర్ టవల్‌తో తుడిచి తడి ఉందేమో చూడండి. మర్నాడు చల్లారాక లెవల్ ఇంకోసారి. 100 మైళ్ళు అయ్యాక నట్లు మళ్ళీ టార్క్ చెయ్యండి, జంట చక్రాలు సర్దుకుని కొంచెం వదులవుతాయి. తర్వాత యాక్సిల్ పేరు, రేషియో, ఆయిల్ రకం, మైలేజీ ఒక రేకు ముక్క మీద గీకి మూత బోల్టుకి తగిలించండి, ఫోన్‌లో కూడా ఫోటో పెట్టుకోండి, ఈసారి కౌంటర్ దగ్గర "ఏ యాక్సిల్?" అంటే చూపించడానికి.